సూరీడమ్మ పొయ్యి మీద తేనెటీగలు

నూకరాజు మేస్త్రీ తన భార్య సంవత్సరీకం ముద్దను మున్సిపల్ ఆఫీసు ప్రహరీ గోడ మీద పెట్టుకోవలసి వచ్చింది. ఆ పాపం మున్సిపాలిటీది. ఇందులో రెండో మాట లేదు. ఎవరైనా రెండో మాట చెప్పబోతే నూకరాజు వినడు. విననివాడికి చెప్పి ప్రయోజనం లేదు కాబట్టి ఆ మాట అక్కడితో ఆగిపోతుంది.

పెదమెరక ఊరుగా ఉన్నన్నాళ్ళూ బాగానే ఉండేది. పక్కనున్న పల్లెల్ని కలుపుకొని మున్సిపాలిటీ అయ్యాక దానికి కమిషనర్ వచ్చాడు, శానిటరీ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు, మైకు బండి వచ్చింది. మురుగుకాలువ మాత్రం రాలేదు. నూకరాజు తాపీ పట్టి ఊళ్ళో సగం ఇళ్ళు కట్టినవాడు. సొంత ఇల్లూ తనే కట్టుకున్నాడు. వెనక వసారాలో, సూరీడమ్మ నడుం వంచకుండా అందుకునే ఎత్తులో, కట్టెల పొయ్యి వేశాడు. ఇంట్లో గ్యాసు ఉంది. అయినా పచ్చిపులుసుకి వంకాయ ఆ పొయ్యిలోనే కాల్చేది ఆవిడ. గ్యాసు మీద పెడితే వంకాయ మాడుతుంది గాని కాలదనేది.

ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. గురువారం సంవత్సరీకం. ఆవిడ పొయ్యి మీద, ఆవిడకి ఇష్టమైన పచ్చిపులుసు చేసి ముద్ద పెడితే, కాకి వచ్చి ముట్టాలి. నూకరాజుకి లోకంలో ఇంకేమీ అక్కర్లేదు. అక్కర్లేదని అందరికీ చెప్పేవాడు కూడా, ఎవరూ అడక్కపోయినా.

సోమవారం పొద్దున ఎక్కడినుంచో ఒక తేనెటీగల గుంపు వచ్చి, ఊళ్ళో ఇన్ని చెట్లుండగా, సరిగ్గా ఆ పొయ్యి మీది దూలానికి దిగింది. పట్టు లేదు, తేనె లేదు. ఒట్టి ఈగలు. ఒకదాన్నొకటి పట్టుకుని పనసకాయలా వేలాడుతున్నాయి.

సంవత్సరీకానికి సాయం చేద్దామని ముందే దిగిన అక్క అప్పాయమ్మ చూసి, చెంగు నడుముకి చుట్టింది.

"కంగారు పడకు నూకా. ఇల్లు ఎతుక్కుంటా దారిలో ఆగిన గుంపిది. తడి కొబ్బరిపీచు అంటించి కింద పెట్టావంటే ఇప్పుడే లేచిపోద్ది. ఎట్టకపోతే రెండ్రోజులుండి అదే పోద్ది. మన తద్దినానికి ఉంటదా ఏటి, చుట్టమా?"

పీచు దొరికింది, అగ్గిపెట్టె దొరికింది. అప్పుడు నూకరాజు తన జీవితంలోకెల్లా పెద్ద పొరపాటు చేశాడు. అనుమతి అడగడానికి బయల్దేరాడు.

అది అతని వృత్తిలో పట్టుకున్న జబ్బు. ప్లాను పాసు కాకుండా ఎవరింటికీ ముగ్గు పోసేవాడు కాడు. పాసు లేకుండా కట్టిన ఇళ్ళన్నీ నిక్షేపంగా నిలబడి అతన్ని చూసి నవ్వుతున్నా సరే, పద్ధతి మార్చుకోలేదు. పైగా ఆ వారమంతా మైకు బండి వీధి వీధీ తిరుగుతోంది: ఇళ్ళ ఆవరణల్లో పొగ పెట్టదలచిన పౌరులు ముందుగా పురపాలక సంఘం అనుమతి పొందవలెను.

"అడిగినోడికే లేదంటార్రా," అంది అప్పాయమ్మ. "అడగనోణ్ణి ఎవడడుగుతాడు?"

నూకరాజు వినలేదు. చొక్కా తొడుక్కుని వెళ్ళాడు.

మున్సిపల్ ఆఫీసు వరండాలో, మెట్లెక్కగానే, ఆకుపచ్చ రంగేసిన చెక్క ఫిర్యాదుల పెట్టె ఉంటుంది. ముందు వైపు ఉత్తరం పట్టేంత కంత. దానికి రిబ్బను కత్తిరించిన నాటి నుంచి ఎవరూ తెరవలేదు. తాళంచెవి బదిలీ మీద వెళ్ళిన పాత కమిషనర్ జేబులో వెళ్ళిపోయిందని చెప్పుకుంటారు. నూకరాజు ఆ పెట్టెను దాటుకుని తిన్నగా కమిషనర్ గదిలోకి వెళ్ళాడు.

గదిలో విచారంగా ఉంది. కమిషనర్ విద్యాధరం, శానిటరీ ఇన్‌స్పెక్టర్ జోగేశ్వరరావు ఎదురెదురుగా కూర్చుని గోడను చూస్తున్నారు. తేనెటీగలను ఆదరించే ఊళ్ళకు 'మధుర పట్టణం' అని పోటీ పెట్టారు. గురువారం మధ్యాహ్నం పరిశీలన కమిటీ వస్తోంది. పెదమెరక తీర్మానం చేసింది, తోరణం కట్టింది, రోడ్డు మధ్య డివైడరు పొడుగునా ప్లాస్టిక్ పూలకుండీలు పెట్టింది. తేనెటీగలు మాత్రం లేవు. నిరుడు వానాకాలం వీధుల్లో దోమల మందు కొట్టినప్పుడు దోమలు తప్ప తక్కినవన్నీ చచ్చిపోయాయి.

"ఏ విషయమై వచ్చారు?" అన్నాడు కమిషనర్, గోడ మీంచి చూపు తిప్పకుండా.

"మా వెనక వసారాలో తేనెటీగలు దిగాయండి. పొగెట్టుకుంటాను. పర్మిషను ఇప్పించండి."

కమిషనర్ లేచి నిలబడ్డాడు. నూకరాజుని చూసి ఒక అధికారి లేచి నిలబడటం అదే మొదలు.

"సజీవంగా ఉన్నాయా?"

"కుడతన్నాయండి."

"ఎన్ని?"

"లెక్కెట్టలేదండి."

"జోగేశ్వరరావుగారూ, తక్షణం క్షేత్రస్థాయికి వెళ్ళి సంఖ్యను నిర్ధారించి నివేదిక సమర్పించండి."

జోగేశ్వరరావు వెళ్ళాడు, ముఖం వాచేలా కుట్టించుకుని వచ్చి సమర్పించాడు. నివేదికలో 'సంఖ్య' అన్నచోట 'ఒక గుంపు' అని ఉంది. కమిషనర్ దాన్ని రెండుసార్లు చదివి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"నూకరాజుగారూ, మీరు అదృష్టవంతులు. సదరు గుంపును పురపాలక సంఘం తన గౌరవ అతిథిగా పరిగణించింది. అతిథికి ముప్పై గజాల లోపు పొగ సంపూర్ణంగా నిషేధించడమైనది."

"మరి నా పొయ్యండీ?"

"పొయ్యి మీ సొంతం. దానికి మేమెలాంటి అభ్యంతరమూ చెప్పడం లేదు. అంటించకూడదు, అంతే."

"గురువారం మా ఆడమనిషి సంవత్సరీకమండి."

"సంతాపం తెలియజేస్తున్నాం," అన్నాడు కమిషనర్. నిజంగానే తెలియజేశాడు. జోగేశ్వరరావు కూడా వాచిన ముఖంతో తెలియజేశాడు.

ఆ వీధి మలుపులో విరిగిన తూము కోసం ఊరి పెద్దలు ముసలివాళ్ళయ్యేదాకా తిరిగారు. అది ఇంకా విరిగే ఉంది. తేనెటీగల ఆర్డరు మాత్రం నూకరాజు కంటే ముందే అతని ఇంటికి చేరింది. అతను వెళ్ళేసరికి గుమ్మానికి బోర్డు కొడుతున్నారు: 'ఇచ్చట తేనెటీగలు విశ్రాంతి తీసుకొనుచున్నవి. నివాసులు మెల్లగా మాట్లాడవలెను.'

"అడిగేసొచ్చావా నాయనా?" అంది అప్పాయమ్మ, మెల్లగా. "కడుపు నిండిందా?"

మంగళవారానికి వీధి స్వరూపం మారింది. ముప్పై గజాలు టేపు పట్టి కొలిచి, తాడు కట్టారు. తాడు లోపల పడ్డవాళ్ళంతా నేరస్థులయ్యారు. మలుపులో టీ కొట్టు మూతపడింది. ఎదురింటి పసిపిల్లకి నీళ్ళు పోసి సాంబ్రాణి వెయ్యబోతే జోగేశ్వరరావు ధూపపు పిడత పట్టుకుపోయాడు. పక్కింటి ముసలాయన బీడీ వెలిగించాలంటే చేతికర్ర పుచ్చుకుని తాడు దాటి వెళ్ళి, ఎండలో నిలబడి కాల్చుకుని, మళ్ళీ తాడు దాటి వచ్చేవాడు. దోమల మందు ఆపేశారు. ఆ రెండ్రోజుల్లో దోమలు బలిశాయి. వాటి మీద తీర్మానం ఏదీ లేదు కాబట్టి వాటిని ఎవరూ ఏమీ అనలేదు.

సాయంత్రం అతిథి సన్మానం. కమిషనర్ శాలువా తెచ్చాడు. తేనెటీగలకు శాలువా కప్పడం కుదరదని దూరం నుంచి చూడగానే అర్థమైంది. దూలం మీద కప్పారు. పంచదార పాకం పళ్ళెంలో పోసి పొయ్యి గట్టు మీద పెట్టారు. దానికి చీమలు పట్టాయి. చీమలకి మందు చల్లారు. ఆ మందుకి తేనెటీగలు కూడా చస్తాయని ఎవరో గుర్తు చేస్తే, ఆ మందు కడగడానికి నీళ్ళ ట్యాంకరు వచ్చింది. వసారాలో మోకాలి బంటి నీళ్ళు నిలిచాయి. సూరీడమ్మ పొయ్యి తడిసింది.

నూకరాజు చీపురు పుచ్చుకుని నీళ్ళు తోశాడు.

"గురువారంలోగా ఆరదా అక్కా?" అన్నాడు చివరికి.

"ఆరుద్దిలే," అంది అప్పాయమ్మ. తమ్ముడి గొంతు విని ఆవిడ ఇంకేమీ దెప్పలేదు.

బుధవారం కమిషనర్‌కి ఒక సంగతి తెలిసింది. పక్షులు తేనెటీగల్ని తింటాయట. వెంటనే పక్షుల నివారణకు ఆదేశించాడు.

"తినేది పచ్చపిట్టండి బాబూ," అని అప్పాయమ్మ జోగేశ్వరరావుకి చెప్పి చూసింది. "చేల గట్ల మీద తీగల మీద కూచుంటాది, పొడుగు ముక్కు. కాకి జోలికెందుకండీ?"

"అమ్మా, తమరు చెప్పిన పక్షి మన పట్టణ పరిధిలో లేదు. కాకి ఉంది. చర్య తీసుకోవాలంటే ఉన్నదాని మీదే కదా తీసుకోగలం?"

ఆ చర్య పేరు గంగులు. యాభై దాటిన మనిషి. రైలు గేటు దగ్గర కాపలా పని పోయాక ఇన్నాళ్ళకి మళ్ళీ ఉద్యోగం దొరికింది. చప్పుడు చేస్తే అతిథికి నిద్రాభంగం కాబట్టి డబ్బా కొట్టకూడదు, అదిలించకూడదు. ఎర్ర జెండా ఒకటిచ్చారు. నూకరాజు ఇంటి పిట్టగోడ మీద నిలబడి, కాకి కనిపించినప్పుడల్లా నోరెత్తకుండా ఊపాలి. గంగులు గేటు దగ్గర ఊపినట్టే నియమంగా ఊపాడు. మధ్యాహ్నానికల్లా వీధిలో కాకి లేదు.

నూకరాజు గోడ కింద నిలబడి తలెత్తి చూశాడు.

"గంగులూ, రేపు ముద్ద పెట్టాలి. కాకి రావాలి."

"రాదండి మేస్త్రీగారూ," అన్నాడు గంగులు, నమ్మకంగా. "రాకుండా చూడ్డానికే గదండీ నన్నెట్టారు. మీరేం బెంగెట్టుకోకండి."

నూకరాజు జోగేశ్వరరావు దగ్గరికి వెళ్ళి ఆ మాటే చెప్పాడు. జోగేశ్వరరావు చాలాసేపు ఆలోచించాడు. మనిషి చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు.

"తమ శ్రీమతిగారి పట్ల మా శాఖకు పూర్తి సానుభూతి ఉంది. అయితే కాకికి సడలింపు ఇస్తే రేపు ప్రతి పక్షీ అడుగుతుంది. తమరు కాకి బదులు మరేదైనా ప్రత్యామ్నాయాన్ని పరిశీలించండి. కోడి అయితే మాకు అభ్యంతరం లేదు."

నూకరాజు అతన్ని ఒకసారి ఎగాదిగా చూసి వచ్చేశాడు.

గురువారం ఎండ ఎక్కుతుండగా వెనక వసారాలో జోరుమని చప్పుడైంది. పనసకాయ విచ్చుకుంది. ఈగలన్నీ గాలిలోకి లేచి, కొబ్బరి మట్టల మీదుగా ఒక చుట్టు తిరిగి, ఊళ్ళోకి వెళ్ళిపోయాయి. దూలం మీద శాలువా మిగిలింది.

"పోయాయిరా నూకా! నే చెప్పలా!" అంది అప్పాయమ్మ.

నూకరాజు తడి ఆరిన పొయ్యిలో కట్టెలు పేర్చి అంటించాడు. వంకాయలకి నూనె రాసి నిప్పుల్లో పెట్టాడు. తొక్క చిట్లి, ఆ వాసన వసారా అంతా కమ్ముకుంది. ఏడాదయింది ఆ ఇంట్లో ఆ వాసన వచ్చి. నూకరాజు గోడవైపు తిరిగి నిలబడి, తను ఎప్పుడో పూసిన గచ్చులో లేని పగులు కోసం వెతికాడు. అప్పాయమ్మ వంకాయలు తిప్పుతూ అటు చూడనట్టే ఉంది.

పంతులుగారు వచ్చారు. చేయవలసింది చేయించారు. విస్తరాకులో అన్నం ముద్ద, మీద పచ్చిపులుసు. నూకరాజు తీసుకెళ్ళి పిట్టగోడ మీద పెట్టాడు. గోడకి అటు చివర గంగులు జెండా పుచ్చుకుని నిలబడి ఉన్నాడు.

"ఒరే గంగులూ, ఈగలు పోయాయి గదా. దిగు."

"నా ఆర్డర్లో ఈగల మాట లేదండి. మీ డోరు నెంబరుంది, కాకి ఉంది. మళ్ళీ ఆర్డరొస్తే దిగుతాను. ఉద్యోగం గదండీ."

ఎక్కడినుంచో ఒక కాకి వచ్చింది. గోడ మీద వాలబోయింది. జెండా లేచింది. కాకి తిరిగి, ఎదురింటి కప్పు మీద వాలి, మెడ వంచి ముద్దను చూసింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ జెండా. మూడోసారి అది అలిగినట్టు అరిచి, ఆఫీసు వైపు ఎగిరిపోయింది.

పంతులుగారు గడియారం చూసుకున్నారు. అప్పాయమ్మ కళ్ళు ఒత్తుకుంది.

"సూరీడమ్మకేదో కోరిక మిగిలిపోయిందిరా. తీరుస్తానని ఒక మాట అను తమ్ముడూ. అప్పుడు కాకి ముట్టుద్ది."

"దానికి కోరికలేమీ మిగల్లేదు," అన్నాడు నూకరాజు. "మిగిలింది ఆ జెండా."

అప్పుడే జోగేశ్వరరావు పొగ వాసన పట్టి పరిగెత్తుకొచ్చాడు. పొయ్యి చూశాడు, దూలం చూశాడు. మొహంలో వాపు ఒక్కసారిగా తగ్గిపోయింది.

"అతిథి ఏది?"

"ఎల్లిపోయింది."

"ఎవరి అనుమతితో?"

"దాన్నే అడగండి."

"కమిటీ బయల్దేరింది! నూకరాజుగారూ, అతిథి అదృశ్యానికి తమరే బాధ్యులు. తమ ఆధీనంలో ఉండగా పోయింది కనక తమరే వెతికి అప్పగించాలి!" అంటూ, దోమతెర చేతపట్టుకుని ఊరి మీద పడ్డాడు.

నూకరాజు పిట్టగోడ మీది విస్తరాకు రెండు చేతులా ఎత్తుకున్నాడు. అక్కడే వదిలేస్తే కుక్క పాలవుతుంది. నడిచాడు. వెనకాల అక్క, అక్క వెనకాల పంతులుగారు.

ఆఫీసు మెట్ల దగ్గర జనం మూగి ఉన్నారు. వరండాలో ఆకుపచ్చ ఫిర్యాదుల పెట్టె జుమ్మంటోంది. కంతలోంచి తేనెటీగలు వరసగా లోపలికి పోతున్నాయి, బయటికి వస్తున్నాయి. కాపురం పెట్టేశాయి.

అప్పాయమ్మ ముక్కున వేలేసుకుంది. "ఊరంతా ఎతికి మంచి ఇల్లే పట్టాయి. లోపల చీకటి, బయట చిన్న కంత. ఏనాడూ ఎవడూ మూత తియ్యడు. ఇంతకంటే భద్రమైన చోటు ఏముంటాదండీ?"

పంతులుగారు నవ్వబోయి, వచ్చిన పని గుర్తొచ్చి దగ్గారు.

కమిషనర్ ముఖం వెలిగిపోతోంది. "చూశారా! అతిథి స్వచ్ఛందంగా పాలనా యంత్రాంగం మీద విశ్వాసం ప్రకటించింది!"

"అయ్యా," అన్నాడు నూకరాజు. "మా గోడ మీద జెండా మనిషిని దింపించండి. ఈ ముద్ద కాకి ముట్టాలి."

"తప్పకుండా. ఒక అర్జీ పెట్టెలో వెయ్యండి. నిబంధన."

"పెట్టెలో ఈగలున్నాయండి."

"అందుచేతనే పెట్టె సమీపానికి ఎవరూ వెళ్ళరాదని ఇప్పుడే ఉత్తర్వు ఇచ్చాం."

"మరి అర్జీ ఎలా వెయ్యాలండి?"

"అది అర్జీదారు చూసుకోవలసిన విషయం," అన్నాడు కమిషనర్, చాలా మర్యాదగా.

నూకరాజు మెట్లు దిగి, ఆఫీసు ప్రహరీ దగ్గరికి వెళ్ళాడు. ఆ గోడ కూడా తను కట్టిందే. గోడ అవతల ఊరి చెత్తంతా కుప్ప పోసి ఉంటుంది కాబట్టి ఊళ్ళోని కాకులన్నీ అక్కడే ఉంటాయి. గంగుల్ని అక్కడ వెయ్యాలని ఎవరికీ తోచలేదు. నూకరాజు విస్తరాకు గోడ మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేశాడు.

కాకి ఒక్క క్షణం ఆగలేదు. వచ్చి, ముందు వంకాయ ముక్క ఎత్తుకుంది. తర్వాత అన్నం. తర్వాత మళ్ళీ వంకాయ.

"అదే," అంది అప్పాయమ్మ. "అది మన సూరీడమ్మ వరసే."

నూకరాజు చేతులు జోడించాడు. అవి జోడించి ఉండగానే గేట్లోంచి కమిటీ కారు వచ్చింది. కమిటీ అధ్యక్షుడు దిగుతూనే గోడ మీది కాకినీ, విస్తరాకునీ, పంతులుగారినీ చూసి ఆగాడు.

"ఇదేమిటి?"

కమిషనర్ ఊపిరి కూడా తీసుకోలేదు. "పౌరుల పితృకార్యాల నిమిత్తం పురపాలక సంఘం ఏర్పాటు చేసిన కాక ఆహ్వాన వేదిక, సార్. తేనెటీగలు కార్యాలయంలో, కాకులు ప్రహరీపై. సకల ప్రాణి సమాదరణ."

"అద్భుతం," అన్నాడు అధ్యక్షుడు. కాగితం మీద రాసుకున్నాడు.

పెదమెరకకి షీల్డు వచ్చింది. మరుసటి వారం మైకు బండి బయల్దేరింది: పట్టణ పౌరులు ఇకమీదట కాకి ముద్దలను విధిగా పురపాలక ప్రహరీపైననే ఉంచవలెను, సొంత గోడలపై ఉంచువారిపై చర్య తీసుకొనబడును, అందుకై ఫిర్యాదుల పెట్టెలో ముందుగా అర్జీ వేయవలెను. గోడకి బోర్డు కొట్టారు. బోర్డు కింద 'ప్రథమ లబ్ధిదారు: నూకరాజు మేస్త్రీ' అని కూడా రాశారు.

ఆ సాయంత్రం జోగేశ్వరరావు ఒక శాలువాతో వచ్చాడు. దూలం మీద కప్పినదే, ఉతికించారు.

"రేపు సభ. కమిషనర్‌గారు స్వయంగా తమరిని ఆహ్వానించారు. మైకు ముందు తమ అనుభవం రెండు మాటల్లో చెబితే చాలు. పథకం వల్ల తమరు పొందిన మేలు..."

నూకరాజు గుమ్మంలో అడ్డంగా నిలబడి విన్నాడు. పిట్టగోడ మీద గంగులు, ఎవరూ దిగమనలేదు గనక, ఖాళీ ఆకాశంలోకి జెండా ఊపుతున్నాడు.

"కాకి ముట్టింది," అన్నాడు నూకరాజు. "నాకూ మీకూ అంతటితో సరి. ఆ సంగతి ఇక నా నోట రాదు. మైకులో రాదు, మంచంలో రాదు. పోయేటప్పుడు అడిగినా రాదు. మళ్ళీ ఎవడైనా ఈ గుమ్మంలో ఎత్తాడంటే, నా దగ్గర తాపీ ఇంకా ఉంది."

తలుపు వేశాడు. గడియ కూడా పెట్టాడు.

వెనక వసారాలో అప్పాయమ్మ పొయ్యి రాజేస్తోంది. ఊరుకోలేకపోయింది.

"రెండు ముక్కలు చెప్పేస్తే పోయేది గదరా. అంత పట్టుదలేటి ఆ సంగతికి?"

"ఏ సంగతి?" అన్నాడు నూకరాజు, వంకాయకి నూనె రాస్తూ.